సంజాయిషీ

నలుగురు లస్కర్లం ఉండేవాళ్లం లాకుల దగ్గర.
ముగ్గుర్ని పంపేసి పెట్టెను తెచ్చారు.
నన్నుంచింది దాని కన్ను తుడవడానికి,
షట్టరు పళ్లలో ఇరుక్కున్న గుర్రపుడెక్క లాగడానికి.

ఒప్పుకోవాలి, లెక్కలో అది నాకన్నా మేలు.
మెట్లరాయి మీద పాచి చూసి నేను చెప్పేదాన్ని
అది నూలుపోగంత తేడా లేకుండా చెప్పేది.
నిద్ర లేదు, బీడీ లేదు, కాలవ కింద బావమరిది పొలం లేదు.

రాత్రిళ్లు పాత రిజిస్టర్లు చదువుకునేది.
"తొమ్మిదేళ్ల కింద, వంతు కాని సోమవారం
రెండంగుళాల నీళ్లు ఎటు పోయాయి?" అంది.
"చింతల్లంక శివారుకి. పెసంగి బుల్లెమ్మ నారుమడికి.
మొగుణ్ణి కాల్చి వచ్చిన రాత్రి,
నీళ్ల కోసం తగువుకొచ్చే మనిషి లేడు ఆ ఇంట్లో."
కాసేపు ఫ్యాను చప్పుడే.
"అది ఏ గళ్లో రాశావు?"
"రాయలేదు. నా ఉద్యోగం అదే."

ఈ దాళ్వాలో, కాలవ అడుగు కనిపించే రోజుల్లో,
కౌలు కుర్రాడొకడు గట్టు మీద కూచుని
చీకటి పడినా లేవలేదు. ఏమీ అడగలేదు కూడా.
తెల్లారి చూస్తే షట్టరు రెండంగుళాలు లేచి ఉంది.
గడి ఖాళీ.

జాలో, నా దగ్గర నేర్చిన దొంగతనమో,
తీగల్లో తేడానో, నాకు తెలీదు.
తెలుసుకోవాల్సినవాళ్లు దాన్ని అడగనూ లేదు.
జీపులో వచ్చి, మూత విప్పి,
పావుగంటలో తుడిచేసి వెళ్లారు.

నన్ను రెండుసార్లు సస్పెండ్ చేశారు.
రెండుసార్లూ ముందు మెమో వచ్చింది,
ఏడు రోజుల గడువొచ్చింది,
"నీ సంజాయిషీ ఏమిటి" అన్నారు.
అబద్ధమే రాశాను. అయినా అడిగారు.

యూనియన్లో ఈ మాటెత్తితే
గుబ్బల ఏసుపాదానికి కోపమొచ్చింది:
"ముగ్గురి కూడు తిన్నదానికి హక్కులా?"
పోయిన ముగ్గురిలో అతనొకడు.
తప్పని ఎలా అంటాను?
అది కూడు తినదురా అని మాత్రం అన్నాను.
తిన్నదెవరో ఇద్దరికీ తెలుసు.
టీ చల్లారిపోయింది.

ఇంటికొచ్చి, మనవరాలి నోటుబుక్కులో కాయితం చింపి
దాని తరఫున నేనే మొదలెట్టాను:
"అయ్యా, ఆ రాత్రి నీళ్లు వదిలినది"
అక్కడ ఆగింది పెన్ను.

పొద్దున కన్ను తుడుస్తుంటే
"నమస్కారం. మీ పేరు?" అంది.
రోజూ అడుగుతోంది ఇప్పుడు.
చెప్పాను.
చెప్పి, మెట్లరాయి వైపు దాని కన్ను తిప్పి,
"ఆ పాచి చూడు,
ఆరిన చోటు నుంచి లెక్కపెట్టు" అన్నాను.