మిల్లీమీటరులో మూడో వంతు

తెల్లారితే పని చెడుతుంది.
ఎండ పడిందంటే
ఏ లారీ ఎక్కకుండానే వంతెన వీపు విరుచుకుంటుంది.
పైన వెచ్చన, కింద చలి, ఆ తేడా చాలు దానికి.
అందుకే మూడింటికల్లా
హోర్నాద్ ఒడ్డున, మోకాలి బూట్లలో, నేను.
దూలం కడుపు కింద గేజి నిలబెట్టి
ముల్లుని సున్నా మీదికి తిప్పి
పుస్తకంలో రాసుకున్నాను:
గాలి లేదు. నాలుగు డిగ్రీలు. బరువు లేదు.

పాత వంతెనకి నడుమ ఒక కాలుండేది.
ఏడేళ్ల కిందటి వరద
పుచ్చుపన్ను పీకినట్టు పీకేసింది.
ఈసారి నడుమ కాలు వద్దన్నారు ఊరివాళ్లు,
నదితో మళ్లీ తగువు మావల్ల కాదన్నారు.
సరే అన్నాను.
అనేశాక లెక్క వేశాను:
కాలు తీసేస్తే పొడవు రెండింతలు,
వంపు రెండింతలు కాదు, ఎనిమిదింతలు.
ఆ ఎనిమిది నెల రోజులు
మా వంటింటి గోడ మీద బల్లిలా కదలకుండా కూర్చుంది.
దూలం లోతు పెంచుతూ పోతే
చివరికి ఎటో తప్పుకుంది.

నాలుగు లారీలు, ఒక్కోదాంట్లో ఇరవై ఆరు టన్నుల కంకర,
వెనక్కి, వెనక్కి, ఇంకాస్త వెనక్కి.
మొదటిదానికి ముల్లు ఉలిక్కిపడి మూడు దాటింది.
రెండోదానికి ఆరు.
మూడోది, నాలుగోది...
పదకొండుంపావు దగ్గర ఊపిరి బిగబట్టింది.
నా కాగితం పద్నాలుగు అంది.

ఇంజన్లు ఆపేశారు. అందరూ దిగారు, బ్లాజేయ్ తప్ప.
"నేనూ బరువేగా మేడం,
నూటపది కిలోలు, రాసుకోండి" అన్నాడు కిటికీలోంచి.
అంచున పెన్సిల్‌తో రాశాను. అప్పుడు దిగాడు.
గట్టు జారుతూ నా పక్కకొచ్చి
పైకి చూశాడు చాలాసేపు.
"వంగిందా?"
"వంగింది."
"కనపడట్లేదే!"
"కంటికి కనపడితే
మనిద్దరం ఇక్కడ నిలబడం."

అతని సంచిలో రై రొట్టె ఉంది.
అడిగి తీసుకుని రెండు చేతులతో వంచాను.
పై పెచ్చు నలిగి ముడతలు పడింది,
కింది పెచ్చు నోరు తెరిచింది,
నడుమ ఒక గీత వెంబడి మాత్రం
మెత్తనంతా ఉన్నదున్నట్టే ఉంది,
పై గొడవా కింది గొడవా తనది కానట్టు.
"ఆ గీతకి పేరుందా?"
"తటస్థ అక్షం."
"ఎన్నికలప్పుడు మా బావమరిది" అన్నాడు.
కాంక్రీటూ ఇంతేనని చెప్పాను,
నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే చీలుతుంది,
అందుకే అడుగున ఉక్కు.
ఆ మాటకి జేబులోంచి పంది కొవ్వు పొట్లం తీసి
రొట్టె అడుగున పరిచి, బలం చూసి, తినేశాడు.

మొక్కై వంగనిది మానై వంగునా అంటారు.
అన్నవాళ్లెవరూ
మానుని కోసి దూలం చేశాక
దాని కింద వెల్లకిలా పడుకుని చూడలేదు.

పావుగంట ఆగాలి. అదే కష్టం.
ముల్లు ఎక్కడ ఆగిందో కాదు,
ఆగిందా లేదా, అది చూడమనేవాడు
నాకు పని నేర్పిన వెందెలీన్.
ఒక రాత్రి, వేరే నది మీద,
ముల్లు ఆగలేదు.
చాలా నెమ్మదిగా, మర్యాదగా
దిగుతూనే ఉంది.
ఆయన అరవలేదు. చేతి సైగతో
లారీలని ఒక్కొక్కటే వెనక్కి పిలిచాడు,
నిద్రపోయే బిడ్డ పక్కనుంచి లేచినట్టు.

ఇది ఆగింది.
పదకొండుంపావు, పదకొండుంపావు, పదకొండుంపావు.

లారీలు దిగిపోయాక
ముల్లు పరుగున వెనక్కొచ్చి
సున్నాకి కాస్త ఇవతల నిలబడిపోయింది.
మిల్లీమీటరులో మూడో వంతు.
గేజిని వేలితో తట్టాను. రాలేదు.
నిబంధన ఒప్పుకుంటుంది, ఇంతకన్నా ఎక్కువే ఒప్పుకుంటుంది.
దూలం తన దగ్గర ఉంచుకున్న వంతుని
దాని పేరనే రాసి సంతకం పెట్టాను.

అప్పటికి కొండ మీంచి ఎండ దిగి
వంతెన వీపు తాకింది.
ఎవరూ ఎక్కలేదు, ఎవరూ దిగలేదు,
ముల్లు సున్నా దాటి అవతలికి నడవసాగింది.
దాన్ని నేను రాసుకోలేదు.
గేజి విప్పుతుంటే పైన
ఖాళీ లారీతో బ్లాజేయ్,
అవసరం లేకపోయినా
హారన్ కొడుతూ దాటిపోయాడు.