బొంగురు చోటు

గన్నవరంలో రాత్రి పదకొండు దాటాక
రన్‌వే అవతలి వరిచేలల్లో కప్పలకి డ్యూటీ మొదలవుతుంది.
నాకూ అప్పుడే.

టార్చి, అద్దం, చిన్న సుత్తి, మైనపు పెన్సిలు.
ముక్కు మీద చచ్చిన పురుగుల మరకలు తుడుస్తుంటే
బెల్టు లోడరు నడిపే నాగుల్ మీరా
ట్రాలీల చాటు నుంచి వచ్చి నిలబడ్డాడు.
డ్యూటీ దిగి గంటైంది. రామవరప్పాడు రింగు దాకా పోయి
బండి తిప్పుకుని వచ్చాడట.

"సాయంత్రం తగిలిందమ్మా.
గట్టిగా కాదు. ఊరికే, ముద్దు పెట్టినట్టు.
చూశాను. గీత కూడా పడలా."

నేనూ చూశాను.
టార్చి వాలుగా పట్టి, చెంప ఆనించినంత దగ్గరగా.
రంగు చెక్కుచెదరలేదు.

రేకు విమానమైతే సొట్ట పడేది.
సొట్ట నయం. తగిలింది తగిలినట్టు ఒప్పుకుంటుంది.
ఇది కార్బను. దారాల బట్టని జిగురులో ముంచి
పొర మీద పొర పేర్చి వండిన వొళ్ళు.
దెబ్బ తిని, సర్దుకుని, ఏమీ ఎరగనట్టు మెరుస్తుంది.
లోపలెక్కడో పొరకీ పొరకీ మాటలుండవు.

మా తాత కోటిలింగం బెజవాడ స్టేషన్లో
చక్రాలు కొట్టేవాడు.
బండి ఆగిన కాసేపట్లోనే పొడుగు కర్ర సుత్తితో
పెట్టె పెట్టెకీ వంగి ఒక్కో దెబ్బ.
ఖంగుమంటే పొమ్మనేవాడు.
బొంగురుపోతే చెయ్యెత్తేవాడు.
ఎత్తినందుకు మెయిలు బండి పెద్దమనుషులు తిట్టిన తిట్లన్నీ
నాయనమ్మకి అప్పజెప్పి నవ్వేవాడు.
చివరికి చెవుడొచ్చింది. అప్పుడు కూడా
అన్నం పళ్ళేన్ని గోటితో కొట్టి
వేలికొసలతో వినేవాడు.

టంగ్. టంగ్.
వేలెడు జరిగి, టంగ్.
"కాస్త ఊపిరాపు బాబాయ్," అన్నాను.
టంగ్. టంగ్.
టప్.

తడిసిన అట్టపెట్టెని కొట్టినట్టు.
అబద్ధమైతే బావుండునని మళ్ళీ కొట్టాను.
టప్.

పెన్సిల్తో చుక్క. చుక్క చుట్టూ చుక్కలు.
కలిపితే అరచేయంత.
జెల్లు పూసి మీటరు ఆనిస్తే
అవతలి గోడ దాకా పోవాల్సిన శబ్దం
సగం లోతులోనే తిరిగొచ్చేసింది,
వరదకి రోడ్డు తెగిన ఊరి నుంచి బస్సులా.

ఫారంలో గళ్ళుంటాయి. ఎలా కనుగొన్నారు?
చూపు, తట్టుడు, అల్ట్రాసోనిక్. టిక్కు పెట్టాను.
రింగు దగ్గర బండి తిప్పిన మనిషికి
అందులో చోటు లేదు.
అతని పేరు రాయడానికి ఉన్నది ఒక్కటే గడి: కారకుడు.
అక్కడ పెన్ను చాలాసేపు ఆగింది.

పొద్దున హైదరాబాదు విమానం రద్దు.
ఒకాయన పెళ్ళన్నాడు, ఒకావిడ కోర్టు వాయిదా అంది.
బయటికేమీ కనపడ్డం లేదుగా, అని అందరూ అన్నారు.
అదేనండీ, అన్నాను.

ముందు ముందు చర్మం కిందే తీగలు కుడతారట,
తగిలిన క్షణాన అవే చెబుతాయట.
రానీ. నాకూ నడుం నొప్పి తగ్గుతుంది.

నాగుల్ మీరా ఇంకా వెళ్ళలేదు.
"నేను చెప్పకపోతే ఎగిరేదా?"
ఎగిరేది. రేపూ, ఎల్లుండీ కూడా.
ఎన్నాళ్ళన్నది మాత్రం నాకు తెలీదు.

అతను నా సుత్తి అడిగి తీసుకున్నాడు.
లోడరు ముందు బంపరుని ఒకసారి తట్టి, చెవి పెట్టాడు.
రబ్బరు కదా.
ఏమీ అనలేదు.