బొటనవేలి మరక

పెన్సిల్వేనియాలో టాకెట్ రన్ అనే ఊరు, 1866.
విహంగ వీక్షణమని అడుగున అచ్చేశారు.
విహంగం ఒక్కటీ లేదు.

కొండవాలంతా కొయ్య డెరిక్కులు.
పొగలన్నీ ఒకే పక్కకి వాలాయి,
గీసినవాడికి ఒక్క గాలే తెలిసినట్టు.

మూడు డాలర్లిచ్చిన వాళ్ల ఇళ్లు కాస్త పెద్దవి.
ఇవ్వలేని హానోరా క్విల్టీకి
ఒక తీగ, దానిమీద రెండు గీతలు:
ఎవరివో చొక్కాలు కావచ్చు.
చర్చి శిఖరాన్ని మాత్రం
కట్టకముందే కట్టేశాడు.

చందాలు వసూలయ్యేలోపే బావులెండాయి.
పలకలూడదీసి, మేకులు సైతం ఏరుకుని
ఊరు ఊరంతా బండ్లెక్కింది.
ఇప్పుడక్కడ గడ్డి.
వీధులున్న మేర కాస్త పొట్టిగా మొలుస్తుందట.

పాత కాగితాలు బాగుచెయ్యడం నా పని.
రొట్టె మెత్తతో అద్దాను, కుంచెతో దులిపాను.
హోటల్ వీధి మలుపులో
నల్లటి బొటనవేలి ముద్ర మాత్రం వదల్లేదు.
"అదొక్కటే పటాన్ని పాడుచేస్తోంది,"
కొనుక్కున్న ఎల్డన్ ప్రూయిట్ గొణుగుడు.

ఎవడో తన ఇల్లు చూపించే తొందరలో
చెయ్యి కడుక్కోవడం మరిచాడు.
ఆ ఊరి చమురులో
ఏ పీపాలోకీ ఎక్కనిది ఇంతే.

కుంచె కడిగి పక్కన పెట్టాను.
బిల్లులో సగమే రాశాను.