రూబార్బ్ మొదట్లో పోసిన నీళ్ళు

లీడ్స్‌లో ఆదివారం, పదకొండు గంటలు.
వాన కాదు, మంచు కాదు, రెంటికీ మధ్యది ఏదో రాలుతోంది.
రాత్రి డ్యూటీ దిగి, నిద్రకళ్ళతోనే బస్సెక్కి వచ్చాను,
పిలిచారు కదా అని.
మామూలుగా పిలవరు.
బిడ్డ చేతికొచ్చాక
మంత్రసాని మొహం ఎవరికి గుర్తుంటుంది?

యూదుల ఇంటి గడప తొక్కడం ఇదే మొదలు.
గుమ్మంలో బూట్లు విప్పింది నేనొక్కదాన్నే.
తివాచీ నిండా అందరి బూట్లు,
వాటి మధ్య నా ఎడమ మేజోడు,
బొటనవేలి దగ్గర చిల్లుతో.

ఒక కుర్చీ ఖాళీగా కనిపించింది.
కూర్చోబోతే ఒక పిల్లాడు చెయ్యి పట్టి లాగాడు:
"అది ఏలియా ప్రవక్తది. ఆయన వస్తాడు."
"ఎప్పుడు?"
"ఏమో. ఆదివారం బస్సులు లేటు కదా."

బల్ల మీద అంట్లు తోముకునే నీలం ప్లాస్టిక్ తొట్టి.
వెండి గిన్నె ఉందట అటక మీద,
ఎంత వెతికినా దొరకలేదట.
అవీవా మోచెయ్యి ముంచి వేడి చూసింది,
రెండు వారాల కిందట నేను నేర్పినట్టే.

అబ్రహాము మిట్టమధ్యాహ్నం గుడారం ముందు కూచుని
ఎదురుగా వచ్చిన ముగ్గురికి
కాళ్ళకు నీళ్ళిచ్చాడని రబ్బీ చెప్పింది.
ఆమెకి జలుబు. మధ్యలో ఆగి ముక్కు తుడుచుకుంది.
దూరం నుంచి వచ్చిన మనిషికి
ముందు నీళ్ళు, తర్వాతే ఊరూ పేరూ.
ఇది నాకొకరు చెప్పాలా?
అయినా కళ్ళప్పగించి నిలబడ్డాను,
నేల తాకని కాళ్ళకి
ఏ దుమ్ము కడుగుతారా అని.

చెంబు రోనా చేతిలో ఉంది. బిడ్డకి అమ్మమ్మ.
డెబ్బై ఆరేళ్ళ చెయ్యి, వణుకుతోంది.
సగం నీళ్ళు పాదాల మీద,
సగం బల్ల అంచు దాటి నా చిల్లు మేజోడు మీద.
బిడ్డ ఏడవలేదు.
కాలివేళ్ళు విప్పి, మళ్ళీ ముడిచింది,
ఎవరో అడిగినదానికి
తర్వాత చెప్తానన్నట్టు.

పేరు చెప్పారు.
రోనా వాళ్ళమ్మ గిట్టెల్,
కోట్ల ఫ్యాక్టరీలో ముప్ఫయ్యేళ్ళు కాజాలు కుట్టిన మనిషి.
గిట్టెల్ అంటే యిద్దిష్‌లో మంచిది అనట.
ఆ మంచినే హీబ్రూలోకి తిప్పి
తోవా అన్నారు.
అందరూ పలికారు, నేనూ పలికాను.
నా నోట్లో చివరి దీర్ఘం జారిపోయి
తోవ అయింది.
తడికాళ్ళ వైపు ఇంకోసారి చూశాను.
ఎవరికీ చెప్పలేదు.

తలా ఒక దీవెన ఇవ్వమన్నారు.
చదువు అన్నారు, ధైర్యం అన్నారు,
గట్టి పళ్ళు అన్నాడు ఒకాయన, దంతవైద్యుడు.
నా వంతు వచ్చేసరికి నోరు ఎండిపోయి
"వేళ్ళు పదీ ఉన్నాయి, పుట్టగానే లెక్కపెట్టాను" అన్నాను.
నవ్వారు. నవ్వి, ఆమేన్ అన్నారు.

వంటింట్లో కేకు కోస్తూ రోనా:
"మా తమ్ముడు పుట్టిన ఎనిమిదో రోజు
నలభై మంది, ఊరవేసిన చేపలు, విస్కీ,
వీధి దాకా కుర్చీలు.
నేను పుట్టినప్పుడు మా నాన్న ఒక్కడే సినగాగ్‌కి వెళ్ళి
నా పేరు చదివించి వచ్చాడట.
అమ్మ ఆస్పత్రిలో, నేను అమ్మ పక్కన.
ఏం పేరు చదివించాడో
పెళ్ళిపత్రం రాసే రోజు దాకా నాకే తెలీదు."
కోపంగా అనలేదు.
కత్తికి అంటిన క్రీము వేలితో తీసి నాకింది.

తొట్టి ఎత్తి సింకులో ఒంపబోయాను.
ఆగమంది.
ఇంటి చెప్పులతోనే పెరట్లోకి దిగి,
ఎర్రటి మొగ్గ అప్పుడే మట్టిని నెట్టుకుని చూస్తున్న
రూబార్బ్ మొదట్లో
కొంచెం కొంచెంగా వంచింది.
ఇంతకీ ఏం పేరు, అని అడిగాను వెనకనుంచి.
చెప్పింది.
ఇక్కడ రాయను, అది ఆవిడది.

బస్సు నిజంగానే లేటు.
ఇల్లు చేరేదాకా నా మేజోడు ఆరలేదు.