జేబులు

బట్టలు మిషన్ల వేసే ముందు
జేబులు తడుముత.
అందరు తల్లులు చేసే పనే.
నాకు మాత్రం అది పొద్దటి పేపరు.

సోమవారం, ఓంకార్ నిక్కరు, ఎడమ జేబు:
గుండు మీంచి ఊడిన రాతిపొరలు మూడు,
ఒకదానికి అభ్రకం మెరుపు.
మా మౌలాలి గల్లీ చివర
రెండు అపార్టుమెంట్ల నడుమ ఇరుక్కొని కూసున్న గుండు అది.
ఎవరి ప్లాటు కిందికొస్తదో ఎవరికీ తెల్వదు.
పొద్దంత ఎండ తాగి తాగి
రాత్రి తొమ్మిదింటికి కూడ దాని వీపు కాలుతుంటది.
"మమ్మీ, దీనికి జరమొచ్చింది" అని
నా చెయ్యి గుంజుకపోయిండు వాడు, నుదురు ముట్టి చూడమని.
గుండుకు నుదురు ఎక్కడుంటది?
ఇద్దరం శానసేపు వెతికినం.
అన్నం మాడింది.

బుధవారం, కృత్తిక గౌను:
గుల్‌మొహర్ మొగ్గలు, విప్పి చూసి మళ్ల మూసిన గుర్తులతోని.
లోపటి కేసరాలకు తలకాయల్లేవు.
బడి వ్యాను వచ్చేలోపు
పక్కింటి ఆయెషాతోని కోడిపుంజుల కొట్లాట.
ఎవరు గెలిచిన్రే అంటే
"రెండూ సచ్చిపోయినయ్" అన్నది,
బిస్కెట్ కొరుక్కుంట.

ఒక్కరోజు చూడలే.
కరెంటు మీటరాయన, కుక్కర్ కూత, మా అత్త ఫోను,
అన్నీ ఒక్కపాలే వచ్చినయ్.
నేరేడు పండ్లు. ఐదో ఆరో.
తెల్ల చున్నీ బయటికి తీసేసరికి తెల్లగ లేదు.
అరిచిన. గట్టిగనే అరిచిన,
కింద వాచ్‌మన్ భార్య తలెత్తి చూసేంత.
వాడు ఏడ్వలే.
తీగె మీద ఆరేసిన చున్నీ దిక్కు చూసుకుంట
"మమ్మీ, మొగులైంది" అన్నడు.
ఇగ దాన్ని బ్లీచింగ్ చెయ్యబుద్ధి కాలే.
అట్లనే వేసుకొని పోతున్న పనికి.

మిరుగం దాటినంక
రెండు వానలు గట్టిగ కొట్టినయ్.
గుండు పక్క ఎర్రమట్టిల ఆరుద్ర పురుగులు,
ఎవరో దర్జీ మఖ్మల్ ముక్కలు దులిపిపోయినట్టు.
ఇద్దరూ గొంతుకూసొని వేలు పెట్టి చూస్తున్నరు.
ముట్టుకుంటే కాళ్లు ముడుచుకుంటది.
కృత్తిక కూడ అంతే,
కొత్తోళ్లు పేరడిగితే.

"చూడుండ్రి, ఇంటికి మాత్రం తేవొద్దు."
సరే అన్నరు, ఇద్దరూ ఒక్కసారే,
అప్పుడే నాకు అనుమానం రావాల్సింది.
జేబులు చూసిన. ఖాళీ.
నిమ్మళంగ మిషన్ ఆన్ చేసిన.

తెల్లారి, సికింద్రాబాద్ బస్సు.
ఒంటికాలు మీద నిలబడే జాగ.
కండక్టరమ్మ ఆధార్ అడిగితే బ్యాగు తెరిచిన.
కార్డు మీద, నా ఫొటో చెంప మీద
ఎర్రగ ఏదో నడుస్తున్నది.
కింద సగం తెరుచుకున్న అగ్గిపెట్టె, రెండు గడ్డిపోచలు,
నోట్‌బుక్కు చింపిన చిట్టీ:
"ఇది కరవదు మమ్మీ".
దాని కింద ఓంకార్ సంతకం,
వంకర సున్న.

కండక్టరమ్మ వంగి చూసింది.
"మా ఊర్ల మస్తుండేటియి" అన్నది.
వెనకనుంచి ముప్పై మంది తోస్తున్నరు,
మిషన్ చేతుల పట్టుకొని
ఆమె కాసేపు నా జీరో టికెట్ కొట్టనే లేదు.

మెట్టుగూడల దిగిన,
దిగాల్సింది అక్కడ కాదు.
రైల్వే గోడ పక్క తడిమన్ను వెతికి
అగ్గిపెట్టె బోర్లించిన.
అది వెంటనే కదల్లేదు.
నేను కూడ.

ఆఫీసు రిజిస్టర్ల నా పేరు పక్క
సారు ఎర్ర పెన్నుతోని చుక్క పెట్టిండు.
చిన్నది, గుండ్రంగ.
కాళ్లు ముడుచుకున్నది.