లోపల మడిచిన బట్ట

వాన వెలిసిన మూడో రోజు
బోరబండలో, మొగులమ్మ కుట్టుమిషన్ గదిలో
యంత్రం దించాను.
టిఫిన్ డబ్బా అంత పెట్టె.
గచ్చు పెచ్చు లేపి, అసలు బండ తగిలాక
దాని మీద కూర్చోబెట్టాలి.
"దీనికి కిరాయి ఇస్తరా?" అంది.
లేదన్నాను.
"అయితే చాయ్ నువ్వే తెప్పియ్యి సారూ."

ఆ వారం నేల కదిలింది చాలా కొంచెం.
ఒకటి పాయింట్ నాలుగు. సున్నా పాయింట్ ఎనిమిది.
ఇంకా కింద, గుంపుగా తప్ప లెక్కకు రానివి.
అటక మీది గిన్నెలు ఒకదాన్నొకటి తాకి
ఊరుకునేంత.
చప్పుడు మాత్రం
కంకర లారీని ఇంటి కిందే బోర్లించినట్టు.

గల్లీ గల్లీయే రోడ్డు మీద పడుకుంది.
తడి రోడ్డు, చాపలు, నిద్రపోని పిల్లలు,
ఇంటి పట్టా పెట్టుకున్న సూట్‌కేసే తలగడ.
నన్ను చూస్తే అందరిదీ ఒకటే:
పెద్దది వస్తదా?
చెప్పలేం, అనాలి. అదే నిజం.
ఆ మాట మెత్తగా అనడం
ఇరవై రెండేళ్లుగా నేర్చుకుంటూనే ఉన్నాను.

ఉప్పల్‌లో, రాత్రి, గీతలు విప్పి చూస్తే
అంతా మొగులమ్మే.
పొడుగు కుట్టుకు పరుగు, చంక మలుపులో నెమ్మది,
కరెంటు పోయినా ఆగని కాళ్లు.
మా భాషలో ఆమె పేరు రొద.
వడపోసి తీసేస్తూ పోతుంటే తెలిసింది,
నాకు చిక్కిన ప్రతి కంపనమూ
ఆమె ఆగిన చోటే ఉంది.

భయమేసింది కాసేపు. ఆమెకు ముందే తెలుస్తోందా?
పొద్దున్నే పోయి అడిగితే నవ్వింది.
"సూదిల దారం ఎక్కిచ్చేటప్పుడే గద సారూ
నాకు ఇనబడేది.
మిషన్ నడుస్తుంటే వచ్చినయి
నీకెర్క లేదు, నాకెర్క లేదు."

కొలతల పుస్తకం తీసింది.
నడుము ముప్పై నాలుగు, చెయ్యి తొమ్మిదిన్నర,
రాత్రి పదకొండు నలభై, దడ్.
భుజం పద్నాలుగు. తెల్లారగట్ల మళ్లా, చిన్నగ.
నా పెట్టె రాకముందు పన్నెండు రోజులవి.
గోడ బీటకు టేపు పెట్టి రాసుకుంది: పావించు.

ఎందుకొస్తది అంటే చెప్పాను,
ఇక్కడ ముసలి బండ, పగుళ్లలోకి వాన నీళ్లు
దిగి ఉంటాయని మా అనుమానం.
అటు గోదారి లోయలో వేరే కథ,
ఎప్పుడో, మనిషి పుట్టకముందు,
నేల రెండు దిక్కులా సాగి నడుమ కుంగింది.
ఆమె సాగడం దగ్గరే ఆగింది.

"బిర్రు జాకెట్ గంతే.
ఒక్కసారే చినగదు. టిక్కు టిక్కున
ఒక్కొక్క కుట్టే పోతది.
నేనైతే లోపల రెండించుల బట్ట మడిచిపెడ్త,
ఒళ్లొస్తే ఇప్పుకోనీకె.
నేలకు గట్ల పెట్టిన్రా ఎవరన్నా?"

చాయ్ తాగాను. జవాబు దొరకలేదు.

తర్వాతి రాత్రుల గీతల్లో కొత్తది ఒకటి:
సరిగ్గా పదింటికి, పది నిమిషాలు,
ఏమీ లేదు.
ఎవరూ అడగలేదు. నా పెట్టె కోసం
మిషన్ ఆపి కూర్చుంటోంది,
పెళ్లిళ్ల సీజన్లో.

ఆ పది నిమిషాల్లో ఒక్క కంపనమూ రాలేదు.
చదునైన ఆ గీతను
వడపోతలో పెట్టలేదు నేను.