కొణా

బరంపురం పెద్దాసుపత్రిలో
ఏడో నంబరు గదికి నేను ఆయాని.
జీతం తుడిచినందుకు ఇస్తారు,
మాట్లాడటం ఊరికే.
డాక్టరమ్మది ఒడియా, వచ్చేవాళ్లలో సగం మందిది తెలుగు,
మధ్యలో నా నోరు.

ఇవాళ కాశీనగర్ నుంచి దాలమ్మ.
తొలిచూలు, ఆరో నెల.
పొట్ట మీద చల్లటి జిగురు పూస్తే
"ఇస్" అని నా చెయ్యి పట్టుకుంది.
ఆడో మగో అడగరాదని గోడ మీద బోర్డు.
ఆమె వచ్చింది అందుకు కాదు.

తెర మీద బూడిదరంగు వాన.
వానలో రేగుపండంత ఇల్లు, నాలుగు గదులు,
పునాది లేకుండా ఎగిరెగిరి పడుతోంది.
డాక్టరమ్మ మీట నొక్కితే ఎరుపూ నీలమూ.
"నీలమేటి, ఇసమా?"
కాదే తల్లీ,
ఎరుపంటే మనవైపు వచ్చేది,
నీలమంటే అవతలికి పోయేది.
"మా ఆయన్నాగ," అంది.
సూరత్‌లో మగ్గం పని అతనికి.
ఏడాదిలో పది రోజులు ఎరుపు, మిగతాదంతా నీలం.

చప్పుడు పెట్టారు.
టకటకటక టకటకటక.
"మిల్లు!" అని నవ్వింది,
"ఫోన్లో ఆడి మాట ఎనకాల ఇదే."

అప్పుడు డాక్టరమ్మ చెయ్యి ఒక్కచోట ఆగింది.
పదకొండేళ్లుగా చూస్తున్నాను ఆ ఆగడం.
"కొణా," అంది.

ఒడియాలో కొణొ అంటే ఏమిటి,
కొణా అంటే కన్నం.
తేడా ఒక్క దీర్ఘం.
పై గదుల మధ్య తలుపు కడుపులో ప్రతి బిడ్డకీ ఉంటుంది,
పుట్టి ఏడిస్తే మూసుకుంటుంది.
ఇది అది కాదు.
కింది గదుల మధ్య గోడకి,
ఆవగింజంత.

ఏమని చెప్పను?
చిల్లు అంటే కుండ గుర్తొస్తుంది.
కన్నం అంటే దొంగ.
బెజ్జం అన్నాను.
దాలమ్మ చెయ్యి ముక్కుపుడక మీదికి పోయింది.
"పుడక తీసేత్తే పూడిపోతాది కదా, అలాటిదా?"

డాక్టరమ్మని అడిగాను.
పూడచ్చు. పూడకపోనూ వచ్చు.
రెండూ చెప్పాను.
ఏది ముందు చెప్పాలన్నదే నా చేతిలో ఉన్నది.
నాలుగు వారాలకి మళ్లీ రావాలి,
కాన్పు ఇక్కడే, ఊళ్లో కాదు.
కొంగుతో పొట్ట తుడుచుకుని
చెప్పుల కోసం మంచం కింద చాలాసేపు వెతికింది.

వరండాలో ఫోను.
నా బెజ్జం మాట వదిలేసి
"కొణా అంట, కొణా," అని అరుస్తోంది
మిల్లు మీదుగా.
ఒడియా వాళ్ల గదిలో ఉండి ఉండి
ఆ భాషే నోటికొచ్చేస్తున్నట్టుంది అతనికి,
"కొణొ? కొణొ?"
"కొణా!"
"కొణొ?"

బల్ల మీద జిగురు తుడుస్తూ విన్నాను.
ఈసారి నన్నెవరూ పిలవలేదు.